కొత్త కారు పెయింట్‌కి ఏ వాక్స్ పెట్టాలి: వాడి చూశాక నా మాట

కొత్త కారుకి పాలిష్ కొట్టించకండి, వాక్స్ పెట్టండి. షాపులో ఈ రెండూ ఒకే అరలో, ఒకేలాంటి సీసాల్లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండూ చేసేది ఒకే పని అని చాలామంది అనుకుంటారు. పాలిష్‌లో కంటికి ఆనని మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. అది పెయింట్ పైపొరను కొద్దిగా అరగదీసి గీతలు పోగొడుతుంది. అసలైన వాక్స్‌లో ఆ పొడి ఉండదు. ఉన్న పెయింట్ మీద అది ఇంకో పల్చటి పొరగా కూర్చుంటుంది. అరగదీయాల్సిందేమీ లేని కొత్త పెయింట్‌ని ఊరికే అరగదీయించుకోవడం ఎందుకు?

నేనూ మా తమ్ముడూ కొద్ది రోజుల తేడాతో కార్లు కొన్నాం. నాది నలుపు, వాడిది తెలుపు. డెలివరీ తీసుకునే ముందు వాడు ఫోన్ చేసి, "అక్కా, పెయింట్ ప్రొటెక్షన్ ప్యాకేజీ ఉందంటున్నారు, టెఫ్లాన్ అట, తీసుకోమంటావా?" అని అడిగాడు. వద్దన్నాను. టెఫ్లాన్ పేరుతో మనకు తెలిసిన పదార్థం పీటీఎఫ్‌ఈ. అది కరిగేదే 327 డిగ్రీల దగ్గర. పెనానికి దాన్ని పట్టించడానికి అంత వేడి వాడతారు. కారు పెయింట్‌ని ఫ్యాక్టరీలో కాల్చేది 140 డిగ్రీల ప్రాంతంలో. అంటే పెనం మీద అది పట్టుకున్నట్టు కారు మీద పట్టుకునే అవకాశమే లేదు. చేత్తో రుద్దే ద్రవంలో ఆ పేరు కలిసినంత మాత్రాన ఒరిగేది లేదు. ఆ ద్రవంలో పనిచేసేది ఏదైనా ఉంటే అది మామూలు వాక్సో, సీలెంటో (వాక్స్ పనే చేసే కృత్రిమ పూత) అయి ఉంటుంది. ఆ పని ఇంట్లో మనమే శుభ్రంగా చేసుకోవచ్చు.

పెయింట్ ఎంత మందం ఉంటుందో తెలిస్తే నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. ఇప్పటి కార్లకు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక కోటు, దాని మీద ప్రైమర్, తర్వాత రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మనం ప్రింట్లు తీసుకునే మామూలు కాగితం ఒక్కటే దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మెరుపంతా దానిదే. ఎండ నుంచి రంగును కాపాడే రసాయనాలు ఉండేదీ అందులోనే. మెషిన్‌తో పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచి ఒక మైక్రానో, కొన్ని మైక్రాన్లో పోతాయి. పోయినది మళ్లీ రాదు. డోర్ అంచులు, బానెట్ మీద మడత గీతల దగ్గర పెయింట్ ఇంకా పల్చగా ఉంటుంది కాబట్టి మెషిన్ అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగినా కింద రంగు బయటపడుతుంది.

పెద్దవాళ్లు "ఏటా ఒకసారి పాలిష్ కొట్టించు, బండి కొత్తదిలా ఉంటుంది" అంటారు. వాళ్ల కాలానికి అది సరైన మాటే. అప్పటి పెయింట్లకు పైన క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే పైపొర. ఎండకు అది పొడి పొడిగా అయి వెలిసిపోయేది. వేలితో రాస్తే సున్నంలా అంటేది. ఆ చచ్చిన పొరను తీసేస్తే కింద నుంచి మళ్లీ మంచి రంగు వచ్చేది. పాలిష్ పట్టిన గుడ్డకు కారు రంగే అంటుకునేది. 1980ల్లో క్లియర్ కోట్ పద్ధతి విస్తరించాక ఆ అవసరం పోయింది. సలహా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పటి పెయింట్‌కి పాలిష్ ఒక చికిత్స. గీతలో, మరకలో ఉంటేనే, అవి ఉన్న చోటే, తక్కువ మోతాదులో చేయాలి.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం 'క్లీనర్ వాక్స్', 'పాలిష్ అండ్ వాక్స్', 'టూ ఇన్ వన్' అని రాసి ఉండే సీసాల దగ్గర వస్తుంది. వీటిలో వాక్స్‌తో పాటు మెత్తటి రాపిడి పొడి గానీ, మురికిని కరిగించే ద్రావకాలు గానీ ఉంటాయి. నాలుగైదేళ్లు ఎండలో తిరిగిన కారుకు ఇవి మంచివే, ఒకే పనితో కొంచెం శుభ్రం, కొంచెం మెరుపు వస్తాయి. కొత్త కారుకు అనవసరం. సీసా ముందువైపు పెద్దక్షరాలు చూసి కొనకుండా వెనక్కి తిప్పి చదవండి. వెలిసిన రంగును తిరిగి తెస్తుంది, సన్న గీతలు తొలగిస్తుంది అని రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. రబ్బింగ్ కాంపౌండ్ అని ఉంటే అది ఇంకా గరుకు, దాని జోలికే వెళ్లకండి.

సరే, కారు ఇంటికొచ్చింది. వాక్స్ సీసా మూత తీసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ వేసి బానెట్ మీద, డోర్ల మీద వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. పగటి వెలుగులో నున్నగా కనపడిన చోట టార్చ్ చుట్టూ గుండ్రంగా సాలెగూడులాగా సన్న గీతలు కనిపిస్తే, కారు మన చేతికి వచ్చేలోపు ఎవరో దుమ్ము మీద పొడి గుడ్డ రుద్దారన్నమాట. కొత్త కారుకి గీతలేమిటి అనుకోకండి. ఫ్యాక్టరీ నుంచి మన దాకా వచ్చేలోపు దాన్ని చాలా చేతులు కడుగుతాయి, తుడుస్తాయి. నా నల్ల కారు డ్రైవర్ వైపు వెనక డోర్ మీద అరచేయంత మేర అలాంటి గీతలు ఉన్నాయి. మిగతా కారంతా శుభ్రంగా ఉంది. ఆ డోర్ వరకే మెత్తటి ఫినిషింగ్ పాలిష్ చేత్తో పెట్టాను. గీతలు పూర్తిగా పోలేదు కానీ చాలావరకు తగ్గాయి. చెయ్యి మెషిన్ అంత బలంగా రాపిడి చేయదు కాబట్టి ఇంతకన్నా ఆశించకూడదు. అంతటితో ఆపేశాను. ఒక డోర్ కోసం కారంతా అరగదీయడం నాకు ఇష్టం లేదు.

తర్వాత కడగాలి, కడిగాక తాకి చూడాలి. ఆరిన పెయింట్ మీద పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి మెల్లగా జరపండి. వట్టి చేతికి తెలియని గరుకు కవర్ లోంచి స్పష్టంగా తెలుస్తుంది. కొత్త కార్లలో ఈ గరుకుకు ఎక్కువగా కారణం ఇనుప రజను. బ్రేకులు అరిగినప్పుడు, రైలు పట్టాల మీద చక్రాలు రాసుకున్నప్పుడు లేచే సన్నటి రేణువులు పెయింట్ మీద పడి గుచ్చుకుని తుప్పు పడతాయి. తెల్ల కారు మీద అవి నారింజ రంగు చుక్కలుగా కనిపిస్తాయి. తమ్ముడి కారు డిక్కీ తలుపు మీద అలాంటివి బాగానే ఉన్నాయి. ఐరన్ రిమూవర్ కొట్టగానే చుక్క చుక్కకీ ఊదారంగు ధార కారడం చూసి వాడు కంగారుపడ్డాడు. ఇనుముతో ఆ రసాయనం కలిస్తే వచ్చే రంగే అది. అది ఆరకముందే నీళ్లతో కడిగేయాలి. ఇంకా గరుకు మిగిలితే క్లే బార్ వాడాలి, అంటే పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద. షాంపూ నీళ్లతో ఆ చోటంతా జారుడుగా ఉంచి, బలం పెట్టకుండా మెల్లగా రాయాలి. క్లే కింద పడిందంటే ఆ ముక్క పారేయాల్సిందే. దానికి అంటుకున్న ఇసుక రేణువు కారంతా గీస్తుంది. చేతికి నున్నగా తగిలితే మాత్రం క్లే పెట్టకండి, దానివల్ల కూడా సన్న గీతలు పడే అవకాశం ఉంది.

ఇక వాక్సుల సంగతి. నా కారు బానెట్‌ని మాస్కింగ్ టేప్‌తో మూడు పట్టీలుగా విడదీసి ఒక్కో పట్టీకి ఒక్కోటి పెట్టాను. ఒకదానికి డబ్బాలో గట్టిగా ఉండే కార్నౌబా పేస్ట్, రెండోదానికి మెగ్వైర్స్ అల్టిమేట్ లిక్విడ్ వాక్స్, మూడోదానికి కొలినైట్ 845. మూడూ ఒకే ఎండ, ఒకే వాన, ఒకే షాంపూ చూశాయి. ఎవరి మాటో నమ్మే బదులు ఇలా పెట్టి చూస్తే మన కారు ఉండే చోట ఏది నిలుస్తుందో మనకే తెలుస్తుంది.

కార్నౌబా బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం. ప్రకృతిలో దొరికే మైనాల్లో అతి గట్టివాటిలో ఇదొకటి. కరిగేది 82 నుంచి 86 డిగ్రీల మధ్య. శుద్ధమైన కార్నౌబా ముక్కను కారు మీద రుద్దడం సాధ్యం కాదు, అది పెళుసుగా గోటికి లొంగకుండా ఉంటుంది. అందుకే నూనెలు, ద్రావకాలు, మెత్తటి మైనాలు కలిపి పేస్ట్ చేస్తారు. డబ్బా మీద నూరు శాతం కార్నౌబా అని ఉంటే, లోపల వేసిన కార్నౌబా స్వచ్ఛమైనదని అర్థం చేసుకోవాలి, డబ్బా అంతా కార్నౌబాయే అని కాదు. కలిపిన మెత్తటి పదార్థాల వల్ల ఆ మిశ్రమం 82 డిగ్రీలకు చాలా ముందే మెత్తబడుతుంది. ఎండలో నిలబడ్డ నల్లటి బానెట్ మీద చెయ్యి పెట్టలేం కదా, అక్కడ పేస్ట్ వాక్స్ వారాల్లోనే పలచబడుతుంది. నా బానెట్ మీద మొదట చేతులెత్తేసింది అదే. నీటిబొట్లు ముందు గుండ్రంగా నిలిచేవి, తర్వాత ఆ పట్టీలో మాత్రమే నీళ్లు చదునుగా పరుచుకోవడం మొదలుపెట్టాయి.

అయినా కార్నౌబా మీద నాకు ప్రేమ తగ్గలేదు. సాయంత్రం వెలుతురులో ఆ పట్టీ వైపు ఒంగి చూస్తే నలుపులో ఒక లోతు ఉంటుంది. నలుపు, ముదురు నీలం, మెరూన్ లాంటి రంగుల మీద ఆ తేడా నాకు కనిపించింది. పెట్టడంలో కూడా ఒక తృప్తి ఉంది. స్పాంజ్‌తో డబ్బాలో ఒక్క తిప్పు తిప్పితే ఒక డోర్‌కి సరిపడా వస్తుంది. పెళ్లికో, ఫోటోలకో కారు ముస్తాబు చేయాలంటే ఇప్పటికీ నేను తీసేది ఆ డబ్బానే. వానలో, ఎండలో రోజూ తిరిగే కారుకు దాని ఒక్కదాని మీదే ఆధారపడమని మాత్రం చెప్పను.

మెగ్వైర్స్ అల్టిమేట్ లిక్విడ్ వాక్స్‌లో వాడేది సింథటిక్ పాలిమర్లు. పేరుకి వాక్స్ అయినా పనితీరులో సీలెంట్ అనుకోవచ్చు. ఈ కంపెనీ 1901లో చెక్క సామాను పాలిష్‌తో మొదలై, తర్వాత కార్ల వైపు వచ్చింది. 2008లో 3ఎం దాన్ని కొనేసింది. ఈ సీసా నాకు నచ్చడానికి పెద్ద కారణం దాంతో పని తేలిక కావడమే. చిక్కటి లోషన్‌లా ఉంటుంది, పల్చగా పరుచుకుంటుంది, తుడిస్తే గుడ్డ ఎక్కడా పట్టేయకుండా జారిపోతుంది. నల్ల ప్లాస్టిక్ పట్టీల మీద పొరపాటున తగిలినా నాకు తెల్ల మరక పడలేదు. మామూలు పేస్ట్ వాక్స్ ఆ గరుకు ప్లాస్టిక్‌లోకి దిగితే ఎండాక తెల్లగా మిగిలి, బ్రష్ పెట్టి గీకినా ఒక పట్టాన వదలదు. మొదటిసారి వాక్స్ పెట్టేవాళ్లకు నేను ఇదే చెప్తాను. ఎండలో కూడా పెట్టుకోవచ్చని కంపెనీ అంటుంది. వీలున్నప్పుడు నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడే పెట్టండి, ఏ వాక్స్ అయినా అప్పుడే సమంగా ఆరుతుంది. మెరుపు కార్నౌబా అంత వెచ్చగా ఉండదు, అద్దంలా తేటగా ఉంటుంది. వెండి, తెలుపు, బూడిద రంగులకు ఆ తేటదనమే అందం.

కొలినైట్ 845కి పూర్తి పేరు ఇన్సులేటర్ వాక్స్. కరెంటు లైన్ల మీద పింగాణీ ఇన్సులేటర్లకు మురికి, తేమ పట్టకుండా పూయడానికి దీన్ని తయారుచేశారు. అలాంటిది ఎండా వానా తట్టుకోకపోతే పనికిరాదు కదా. అక్కడి నుంచి కార్లవాళ్ల చేతికి వచ్చింది. ఇందులో కార్నౌబా, పాలిమర్లు రెండూ ఉంటాయి. అందుకే నా బానెట్ మీద ఆ పట్టీకి కొంచెం లోతు, కొంచెం తేట రెండూ వచ్చాయి. నీళ్లు పోస్తే ఆ పట్టీ మీద బొట్లు చిన్నగా, పొడుగ్గా నిలబడి చిన్న వాలుకే దొర్లిపోతాయి. మూడింటిలో చివరిదాకా నిలిచింది ఇదే, మెగ్వైర్స్ దాని వెనకే ఉంది.

దీనికి కొన్ని పద్ధతులున్నాయి, అవి పాటించాలి. సీసాలో పదార్థం విడిపోయి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదపాలి. చలిలో చిక్కబడి బయటికి రాదు, అప్పుడు సీసాను కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నిలబెడితే మళ్లీ పలచనవుతుంది. ఘాటైన ద్రావకం వాసన వస్తుంది, గాలి ఆడే చోట పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, చాలా తక్కువ వాడాలి. ఒక డోర్‌కి రెండు మూడు చుక్కలు చాలు. ఎక్కువ పూసి ఎక్కువసేపు వదిలేస్తే తుడవడానికి భుజం నొప్పి పుడుతుంది. పల్చగా పూస్తే ఒక్క చేతివాటుకు వచ్చేస్తుంది.

ఇవి కాక సిరామిక్ స్ప్రేలు వచ్చాయి. నేను వాడింది టర్టిల్ వాక్స్ వాళ్ల హైబ్రిడ్ సొల్యూషన్స్ సిరామిక్ స్ప్రే కోటింగ్. ఇలాంటి వాటిలో సిలికా ఆధారిత పదార్థాలు కలుపుతారు. కారు కడిగి ఆరబెట్టాక కొద్దిగా కొట్టి గుడ్డతో పరిచి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయడమే పని. కారంతా చేసినా అలసట తెలియదు. నీళ్లు జారిపోయే తీరు మొదటి రోజే ఆశ్చర్యపరుస్తుంది. ఓపిక తక్కువున్నవాళ్లకు, పెద్ద కారున్నవాళ్లకు ఇది నిజంగా మంచి మార్గం. ఏ సిరామిక్ స్ప్రే అయినా ఎక్కువ కొట్టి ఆరనిస్తే ముదురు రంగుల మీద చారలు కడుతుంది, తడి గుడ్డతో తుడిచి మళ్లీ పొడి గుడ్డ పెట్టాలి. నేను దీన్ని ఎక్కువగా అసలు వాక్స్ మీద, మధ్యమధ్యలో ఊతంగా వాడతాను. కడిగిన రోజు ఒక పూత వేస్తే కింద ఉన్న వాక్స్ ఆయుష్షు పెరుగుతుంది.

"ఇదంతా ఎందుకు, కార్ కేర్ సెంటర్‌లో సిరామిక్ కోటింగ్ వేయించేస్తే ఏళ్ల తరబడి నిశ్చింత కదా" అనేవాళ్లున్నారు. బాగా చేసినది నిజంగానే వాక్స్ కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ రెండు సంగతులు తెలుసుకుని వెళ్లండి. కోటింగ్ వేసే ముందు చాలా చోట్ల కారంతా మెషిన్ పాలిష్ పడతారు, ఎందుకంటే కింద గీతలుంటే అవి కోటింగ్ కింద అలాగే ఉండిపోతాయి. కొత్త కారుకు ఎంత పాలిష్, ఎక్కడ పడతారో ముందే అడగండి, వీలైతే పెయింట్ మందం కొలిచే గేజ్‌తో ముందూ వెనకా రీడింగ్ తీయమనండి. రెండోది, ప్రకటనల్లో '9హెచ్ గట్టిదనం' అని ఉంటుంది. అది వజ్రాల గట్టిదనం కొలిచే లెక్క కాదు. వేర్వేరు గ్రేడ్ల పెన్సిళ్లతో పొర మీద గీసి చూసే పరీక్ష అది. ఆ వరసలో గట్టి పెన్సిల్ 9హెచ్. అంటే పెన్సిల్ గీత పడదు అని మాత్రమే, తాళంచెవి గీత పడదని కాదు, రాయి తగిలితే పెచ్చు లేవదని అసలే కాదు. కోటింగ్ ఉన్నా కారు జాగ్రత్తగా కడగాల్సిందే. ఆ ఖర్చూ ఆ నమ్మకమైన చేతులూ రెండూ ఉన్నవాళ్లకు అది మంచిదే. నాకు మాత్రం నా కారు మీద నా చెయ్యే పడటం ఇష్టం.

వాక్స్ మీద కూడా అతి నమ్మకం పెట్టుకోకూడదు. వాక్స్ పొర మైక్రాన్‌కి కూడా చాలదు. రాళ్ల దెబ్బలు, పార్కింగ్‌లో పక్క కారు డోర్ తగలడం, పిల్లల సైకిల్ హ్యాండిల్, వీటిని అది ఆపలేదు. అది చేసేది మురికి గట్టిగా అంటుకోకుండా చూడటం, మరక పెయింట్‌లోకి దిగేలోపు మనకు కొంత సమయం ఇవ్వడం. పక్షి రెట్ట విషయంలో ఆ సమయం విలువ బాగా తెలుస్తుంది. రెట్టలో ఆమ్ల గుణం ఉంటుంది. ఎండకు వేడెక్కి మెత్తబడిన క్లియర్ కోట్ మీద అది ఎండిపోతే ఆ ఆకారమే పెయింట్‌లో అచ్చు పడిపోతుంది. నా కారు పైకప్పు మీద పడిన ఒకదాన్ని ఆఫీసు నుంచి దిగాక చూశాను. టిష్యూని నీళ్లలో ముంచి దాని మీద పరిచి మెత్తబడేదాకా ఆగి, రుద్దకుండా పైకి ఎత్తేశాను. అడుగున ఏ మచ్చా లేదు. అదే రుద్ది ఉంటే రెట్టలో ఉండే గింజలూ ఇసుకా గీతలు పెట్టేవి. వాక్స్ ఉంది కదా అని దాన్ని రోజుల తరబడి వదిలేస్తే ఏ వాక్సూ కాపాడదు.

నీటిబొట్ల గురించి అందరూ మురిసిపోతారు, నాకూ చూడటానికి ఇష్టమే. అయితే ఆరుబయట నిలిపే కారుకు అవి ఒక చిక్కు తెస్తాయి. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. గుండ్రంగా నిలిచిన బొట్టు ఎండలో ఆవిరైతే ఆ లవణాలన్నీ ఒకే చోట తెల్లటి వలయంగా మిగిలిపోతాయి. వాక్స్ లేని పెయింట్ మీద నీళ్లు పరుచుకుని ఆరితే చారికలు పడతాయి, వాక్స్ ఉన్నదాని మీద చుక్కలు పడతాయి. కాబట్టి బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. కడిగాక చివరలో పైపు ముందున్న స్ప్రే తీసేసి నీళ్లను ధారగా పైకప్పు నుంచి జారనివ్వండి. ఎక్కువ నీళ్లు ఒకే షీటుగా జారి దిగిపోతాయి, మిగిలిన కాసిన్ని చుక్కలను పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దితే చాలు. వెనిగర్ పలచగా కలిపి తుడిస్తే తాజా చుక్కలు పోతాయి, కానీ దానితో పాటు వాక్స్ కూడా కొంత పోతుంది. ఆ చోట మళ్లీ పెట్టుకోవాలి.

పెట్టే పద్ధతి గురించి ఒక మాట. ఒకేసారి కారంతా పూసేయకండి. బానెట్ సగం, తర్వాత మిగతా సగం, తర్వాత ఫెండర్, అలా వెళ్లండి. స్పాంజ్ ప్యాడ్ మీద కొద్దిగా వేసుకుని బలం పెట్టకుండా పరచండి. పూసినది పక్క నుంచి చూస్తే మంచు పట్టినట్టు లేతగా కనపడాలి, తెల్లగా కనపడితే ఎక్కువైనట్టు. కాసేపయ్యాక వేలితో ఒక గీత లాగండి. వేలు పోయిన చోట తేటగా, పొడిగా మెరిస్తే తుడవచ్చు. చెమ్మగా అలుక్కుపోతే ఇంకొంచెం ఆగాలి. తుడిచే గుడ్డ నాలుగు మడతలు పెట్టుకుని ఒక వైపు నిండగానే ఇంకో వైపు తిప్పండి. గుడ్డ కింద పడితే అది ఇక కారు మీదికి రాకూడదు. రెండో కోటు పెడితే మెరుపు రెట్టింపు కాదు, మొదటిసారి వదిలేసిన చోట్లు నిండుతాయి, అందుకోసమే మర్నాడు పెడతాను. ఆ గుడ్డలు ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకూడదు, పీచుల మీద పొర కట్టి అవి పీల్చడం మానేస్తాయి.

వాక్స్‌ని తొందరగా పోగొట్టేవి ఎండా వానా కన్నా మన అలవాట్లే. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కారు కడిగితే జిడ్డుతో పాటు వాక్స్ బలం కూడా తగ్గుతుంది, కారు షాంపూయే వాడండి. పొడి గుడ్డతో దుమ్ము దులపడం మానండి. నలుపు రంగు మీద ఆ పని ప్రతి గీతనూ చూపిస్తుంది, తెలుపు మీద గీత పడినా కనపడదు, అంతే తేడా. తమ్ముడు తెల్ల కారే కాబట్టి వాక్స్ అక్కర్లేదనుకున్నాడు. మెరుపు విషయంలో వాడి మాటలో కొంత నిజముంది, తెలుపు మీద ఏ వాక్సుకీ ఏ వాక్సుకీ తేడా చెప్పడం కష్టం. కానీ చక్రాల వెనక చిమ్మే తారు చుక్కలు, ఇనుప చుక్కలు అన్నిటికన్నా ముందు కనిపించేది తెలుపు మీదే. వాక్స్ ఉంటే అవి తేలిగ్గా వదులుతాయి. ఇప్పుడు వాడు మెగ్వైర్స్ సీసా వాడుతున్నాడు.

కొత్త పెయింట్ ఆరకముందే వాక్స్ పెట్టకూడదనే మాట కూడా వింటుంటాం. ఫ్యాక్టరీ పెయింట్ కాలి, గట్టిపడి వస్తుంది, డెలివరీ రోజే పెట్టుకోవచ్చు. ఆ మాట వర్తించేది షెడ్డులో మళ్లీ రంగు వేయించిన భాగానికి. అక్కడ కారు మొత్తాన్ని 140 డిగ్రీల్లో పెట్టలేరు, వైర్లు, ప్లాస్టిక్ భాగాలు తట్టుకోవు. 60 డిగ్రీల ప్రాంతంలోనో, గాలికో ఆరబెడతారు. పెయింట్‌లోని ద్రావకాలు ఆ తర్వాత కూడా వారాల పాటు మెల్లగా బయటికి పోతూ ఉంటాయి. పైన వాక్స్ మూత వేస్తే వాటికి దారి ఉండదు. అందుకే 30 నుంచి 90 రోజులు ఆగమంటారు. రంగు వేసినవాళ్లనే అడిగి, వాళ్లు చెప్పిన గడువు పాటించండి. మ్యాట్ పెయింట్ (మెరుపు లేని రంగు) ఉన్న కారైతే ఈ వాక్సులేవీ వద్దు, మచ్చలు మచ్చలుగా మెరుపు వచ్చి అసలు అందం పోతుంది. దానికి విడిగా తయారుచేసినవే వాడాలి.

నన్ను ఒకే ఒకటి చెప్పమంటే, ఎండలో వానలో నిలిపే ముదురు రంగు కారుకి కొలినైట్ 845, లేత రంగు కారుకి గానీ, మొదటిసారి వాక్స్ పట్టే చేతులకు గానీ మెగ్వైర్స్ లిక్విడ్. దానితో పాటు ఒక సిరామిక్ స్ప్రే ఉంటే మధ్యలో పని తేలిక. నీళ్లు ఒక భాగంలో బొట్లుగా నిలవడం మానేసి చదునుగా పరుచుకుంటే, ఒక మంచి షాంపూ వాష్ తర్వాత కూడా అలాగే ఉంటే, ఆ భాగానికి మళ్లీ పెట్టే సమయం వచ్చినట్టే. బానెట్, పైకప్పు ముందు అలా అవుతాయి, డోర్లు చాలా ఆలస్యంగా. కారంతా ఒకేసారి పెట్టాలనే నియమం లేదు, అయిపోయిన చోట పెట్టుకుంటూ వెళ్లండి. పల్చగా వాడితే ఒక సీసా ఏళ్ల తరబడి వస్తుంది కాబట్టి రెండో సీసాకు పెట్టే డబ్బు మంచి మైక్రోఫైబర్ గుడ్డలకు పెట్టండి.